ఇచ్చిపుచ్చుకున్న ఇళ్ళు

"ఇంకా బుద్ధి రాలేదా నీకు? వాడి ప్రాణం పోయాక గానీ రాదా?"

చక్రపాణి రాగి బిందెను రెండు చేతులా ఎత్తి పట్టుకుని బాల్కనీ తలుపు దగ్గర నిలబడి అరుస్తున్నాడు. నీళ్ళు తొణికి ఆయన లుంగీ తడిసిపోతోంది. హాల్లో గోడకి ఆనుకుని హైమవతి నిలబడి ఉంది. ఆవిడ కాళ్ళ ముందు గాజుగ్లాసు ముక్కలు. తల్లి చేతిలోంచి ఆ గ్లాసు లాక్కోబోయి జారవిడిచిన హైందవి చీపురు కోసం వెతుకుతోంది.

జరిగింది ఇంతే. వంశీధర్ నడక నేర్చిన నాటి నుంచీ పొద్దున్నే పరగడుపున వాడికి రాగి బిందెలో నీళ్ళు ఇవ్వడం హైమవతి అలవాటు. వాడి ఒంట్లో రాగి పేరుకుపోయిందనీ, రాగి పాత్ర వాడి దరిదాపుల్లో ఉండకూడదనీ డాక్టరు చెప్పి నాలుగు రోజులైంది. చెప్పినప్పుడు తల ఊపింది. ఇంటికొచ్చి బిందె బోర్లించింది కూడా. కానీ చేతులకి చెవులుండవు కదా! నిన్న సాయంత్రం ఆ చేతులు వాటంతటవే బిందె తోమాయి, నీళ్ళు నింపాయి, పొద్దున్నే గ్లాసులోకి వంచి కొడుకు మంచం దగ్గరికి పట్టుకెళ్ళాయి.

"మర్చిపోయానండీ," అంది హైమవతి. ఆ గొంతు ఆవిడకే వినపడలేదు.

"మర్చిపోయావా? అన్నం తినడం మర్చిపోయావా? సీరియల్ చూడడం మర్చిపోయావా?"

లోపలి గదిలోంచి వంశీధర్ గోడ పట్టుకుంటూ వచ్చాడు. ఇరవై రెండేళ్ళవాడు, అరవై ఏళ్ళవాడిలా అడుగులేస్తున్నాడు. నోట్లో మాట నాలుక మీద జారిపోకుండా పట్టుకుంటున్నట్టు ఒక్కో అక్షరం కూడదీసుకుని అన్నాడు.

"నేను... తాగలేదు... నాన్నా."

చక్రపాణి నోరు ఠక్కున మూతపడింది.

పోయిన నెల ఇదే హాల్లో, ఇదే మాట వాడు మూడుసార్లు అన్నాడు. చేతులు వణుకుతుంటే, మాట ముద్దగా వస్తుంటే, ఎస్.ఆర్. నగర్ స్నేహితులతో చేరి తాగుడు మరిగాడని తీర్మానించి చక్రపాణి వాడి చెంప పగలగొట్టాడు. ఇంట్లోంచి పొమ్మన్నాడు. పాపం, వాడు చెప్పింది నిజం. ఆ నిజం ఇంట్లో ఎవరికీ పట్టలేదు. ఎదురు ఫ్లాటు లీలాకుమారికి పట్టింది. కంటి ఆసుపత్రిలో నర్సు ఆవిడ. మెట్ల మీద కూలబడ్డ వాణ్ణి చూసి, "వీడు తాగలే, వీని దగ్గర వాసన సుత లేదు" అని చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి కళ్ళు చూపించింది. నల్లగుడ్డు అంచు చుట్టూ గోధుమరంగు గీత ఉందని అక్కడి డాక్టరు చెబితే, లివర్ డాక్టరు దగ్గరికి పరుగెత్తారు. రాగి సంగతి అక్కడ బయటపడింది. లీలాకుమారి ఆ రోజు ఆ మెట్ల మీదుగా రాకపోయుంటే ఏమయ్యేదో హైమవతి ఊహించదు. ఊహించబోయినప్పుడల్లా ఎదురు తలుపు వైపు చేతులు జోడిస్తుంది.

చక్రపాణి బిందెను నెమ్మదిగా కింద పెట్టాడు. కొడుకు దగ్గరికి వెళ్ళి భుజం పట్టుకుని సోఫాలో కూర్చోబెట్టాడు. క్షమించమని అడగడం ఆ మనిషికి రాదు. అందుకే నాలుగు రోజులుగా మాత్రలు తనే వలిచి, తనే నీళ్ళు పట్టుకుని, కొడుకు మింగేదాకా ఎదురుగా నిలబడుతున్నాడు.

కానీ కోపం ఎక్కడికి పోతుంది? కొడుకు మీద నుంచి దిగి మళ్ళీ పెళ్ళాం మీద ఎక్కింది.

"ఇన్నేళ్ళుగా రోజూ ఇంత విషం పోశావు వాడికి."

"విషమా?" హైమవతి తల ఎత్తింది. "ఈ బిందె ఎవరిచ్చారు? గృహప్రవేశానికి పసుపూ కుంకుమా పెట్టి మీ చెల్లెలు కాదూ తెచ్చింది? ఈ నీళ్ళు తాగితే నూరేళ్ళు బతుకుతారని ఉదయలక్ష్మి చెబితే మీరు పళ్ళికిలించలేదూ?"

"మా చెల్లెలి పేరెత్తకు."

"ఎత్తను. తొమ్మిదేళ్ళుగా ఎత్తలేదు. మీ వాళ్ళెవరికీ లేదు, మా వాళ్ళెవరికీ లేదు. ఈ జబ్బు ఊడిపడిందెక్కడ్నుంచి మరి?"

"మీ వైపు నుంచే. మీ తాత చేతులు వణికేవి కావూ?"

"ఆయనకి తొంభై ఏళ్ళు! మీ పెద్దమ్మ పిచ్చిదై బావిలో..."

"అమ్మా, ఆపండి ఇద్దరూ," అంది హైందవి. గాజుపెంకులు చేటలోకి ఎత్తి పక్కన పెట్టింది. "బిందె వల్ల రాలేదీ జబ్బు. రాగి నీళ్ళు తాగేవాళ్ళందరికీ వచ్చేటట్టయితే ఈపాటికి సగం అమీర్‌పేట ఆసుపత్రిలో ఉండేది. ఆ నీళ్ళు వీడికి మంచిది కాదు, నిజమే. మంట ఉన్నచోట ఇంకో పుల్ల వేసినట్టు. కానీ మంట పెట్టింది ఆ నీళ్ళు కాదు."

"మరి ఎవరు పెట్టారు?" అన్నారు భార్యాభర్తలు ఒక్కసారే. పాతికేళ్ళ పైబడ్డ కాపురంలో ఇద్దరి మాటా అలా కలిసిన సందర్భాలు తక్కువ.

హైందవి పంజాగుట్టలో ఒక ఆఫీసులో పనిచేస్తుంది. ఎలుకల శరీరంలో ఏ జీన్ ఏం చేస్తుందో దేశదేశాల పరిశోధనలన్నీ చదివి, ఒక్కోదానికీ నాలుగు వాక్యాల్లో వివరం రాయడం ఆమె ఉద్యోగం. చుట్టాలెవరైనా మీ అమ్మాయి ఏం చేస్తుందని అడిగితే, "ఎలుకలకి జాతకాలు రాస్తుందండీ" అనేవాడు చక్రపాణి. అందరూ నవ్వేవాళ్ళు, హైందవితో సహా. ఈ నాలుగు రోజులుగా ఆ హాస్యం ఎవరూ ఆడలేదు.

"ఏ టీ పీ సెవెన్ బీ అని ఒక జీన్. ఎలుకలోనూ ఉంది, మనలోనూ ఉంది," అంది హైందవి సోఫా అంచున కూర్చుని. "లివర్‌లో ఒక్కో కణంలో అది తయారుచేసే ప్రోటీన్ పని ఏంటో తెలుసా? మన పెళ్ళిళ్ళలో భోజనాల హాలు గుమ్మంలో ఒక మామయ్య నిలబడి ఉంటాడు చూడు. జనం తక్కువున్నప్పుడు వచ్చినవాళ్ళని వచ్చినట్టు బంతిలో కూర్చోబెడతాడు. జనం ఎక్కువైపోయారనుకో, వెనక గుమ్మం దగ్గరికి వెళ్ళి నిలబడి, అటునుంచి అటే బయటికి పంపేస్తుంటాడు. ఈ ప్రోటీన్ కూడా అంతే. తిండిలో వచ్చిన రాగిని రక్తంలో తిరిగే ఇంకో ప్రోటీన్‌కి అప్పగిస్తుంది. రాగి ఎక్కువైతే కణం అంచుకి జరిగి, పైత్యరసంలోకి తోసేస్తుంది. ఆ దారిన అది ఒంట్లోంచి పోతుంది."

"ఆ మామయ్య రాకపోతే?" అన్నాడు చక్రపాణి, తనకి తెలియకుండానే.

"హాలు కిక్కిరిసిపోతుంది నాన్నా. ముందు లివర్. అక్కడ పట్టక రక్తంలోకి, మెదడులోకి, కళ్ళలోకి. వీడి చేతులూ మాటా అందుకే అలా అయ్యాయి."

"అయితే ఎవరి వైపు నుంచి..."

"ఇద్దరి వైపు నుంచీ. ఈ జీన్ ప్రతి మనిషికీ రెండేసి ఉంటాయి. అమ్మ దగ్గర్నుంచి ఒకటి, నాన్న దగ్గర్నుంచి ఒకటి. మీ ఇద్దరిలోనూ ఒకటి మంచిది, ఒకటి చెడ్డది. మంచిది పనిచేస్తుంటే చెడ్డదాని సంగతి జన్మలో తెలియదు. వీడికి రెండూ చెడ్డవే వచ్చాయి. నాకు రాలేదు. నా కళ్ళూ రక్తమూ బాగున్నాయని నిన్ననే చెప్పారు కదా."

హైమవతి మనసులో ఆ సంగతికి మరోసారి దండం పెట్టుకుంది. ఒక బిడ్డ గురించి ఏడుస్తూ, ఇంకో బిడ్డ గురించి పొంగిపోవడం తల్లులకి తప్ప ఎవరికీ చేతకాదు.

"మూడు తరాలుగా మన రెండిళ్ళ మధ్యే ఇచ్చిపుచ్చుకుంటున్నారు," అంది హైందవి. "ఒకే జీన్ అటూ ఇటూ తిరుగుతోంది. అందుకే ఇది మీదా మాదా అని కొట్టుకోకండి."

కింద కోచింగ్ సెంటరు మైకులో కొత్త బ్యాచి గురించి ఊదరగొడుతున్నారు.

హైమవతి అడగాల్సింది ఒక్కటే మిగిలింది. అడగడానికి భయం వేసింది. అయినా అడిగింది.

"ఎలుకల్లో ఈ జబ్బు వచ్చినవి ఉన్నాయా?"

"ఉన్నాయమ్మా. జపాన్‌లో దాల్చినచెక్క రంగు ఎలుకల జాతి ఒకటి. ఈ జీన్‌లో చివరి ముక్క ఎగిరిపోయింది వాటికి."

"వాటికి మందిస్తే బతికాయా?"

హైందవి తల్లి మొహంలోకి చూసింది. శాస్త్రం చెప్పే గొంతు వదిలేసి, మామూలు గొంతుతో అంది.

"బతికాయమ్మా. తిండిలో రాగి తగ్గిస్తే బతికాయి. వంశీ ఇప్పుడు మింగుతున్న ఈ మందే ఇస్తే బతికాయి."

హైమవతి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఇన్నాళ్ళూ వంటింటి మూల బోను పెట్టి, ఎలుక పడితే పీడా విరగడైందనుకున్న మనిషి. ఎక్కడో సముద్రాల అవతల, పేరు కూడా లేని ఆ చిన్న ప్రాణులు తన కొడుకు మింగే మాత్రని ముందుగా మింగాయి. వాటికి ఏమిచ్చి రుణం తీర్చుకోవాలి? వాటి చుట్టాలన్నిటినీ ఇంట్లో తిరగనిచ్చినా తీరదనిపించింది.

"మందు ఇవ్వకపోతే?" అడిగాడు చక్రపాణి.

"ఇవ్వకపోతే నాలుగు నెలలు వచ్చేసరికి వాటికి కామెర్లు వచ్చేవి నాన్నా. చాలావరకు వారం తిరక్కుండా పోయేవి. మొదట్లో ఎందుకో ఎవరికీ అర్థం..."

హైందవి మాట మధ్యలో ఆగిపోయింది.

కామెర్లు.

ఆ మాట హాల్లో నలుగురి చెవుల్లోనూ ఒకేసారి పడింది. నలుగురికీ ఒకే పిల్లాడు గుర్తొచ్చాడు.

సుధాంశు. ఉదయలక్ష్మి కొడుకు. పదకొండేళ్ళవాడు. తొమ్మిదేళ్ళ కిందట వేసవి సెలవులకి అత్తయ్య ఇంటికని వచ్చాడు. వంశీతో కలిసి మేడ మీద గాలిపటాలెగరేశాడు. ఒక రోజు కళ్ళు పచ్చబడ్డాయి. వారం తిరక్కుండా పోయాడు. ఆసుపత్రి వరండాలో ఉదయలక్ష్మి అందరి ముందూ హైమవతి మొహం మీద అన్న మాట ఇప్పటికీ ఆవిడ చెవుల్లో ఉంది. "నా కొడుకుని పొట్టన పెట్టుకున్నావు. ఏం నీళ్ళు తాగించావు? ఏం కుళ్ళు తిండి పెట్టావు?" అంది. ఆ రోజుతో రెండిళ్ళకీ రాకపోకలు తెగిపోయాయి. ఉండేది పంజాగుట్టలోనే. అమీర్‌పేటలో మెట్రో ఎక్కితే మరుసటి స్టేషను. చేతికందే దూరంలో ఉన్న పుట్టింటి గుమ్మం తొమ్మిదేళ్ళుగా హైమవతి తొక్కలేదు. ఉదయలక్ష్మిని చేసుకున్నది హైమవతి తమ్ముడు బుల్లబ్బాయే మరి. ఒకే పందిట్లో కుండమార్పిడి పెళ్ళిళ్ళు.

"సుధాంశుకి కూడా ఇదే అంటావా?" అంది హైమవతి.

"నేను డాక్టర్ని కాదమ్మా. కానీ..." హైందవి గొంతు తగ్గించింది. "రవళి ఉంది కదా."

రవళి సుధాంశు చెల్లెలు. డిగ్రీ చదువుతోంది. ఉగాదికి ముందు బుల్లబ్బాయి పెళ్ళానికి తెలియకుండా అక్కకి ఫోన్ చేసినప్పుడు, రవళికి కామెర్లు వచ్చి తగ్గాయనీ, పసరు పోయించామనీ అన్నాడు. హైమవతి అప్పుడు "దిష్టి తియ్యరా" అని ఊరుకుంది.

"నేను రవళికి మెసేజ్ పెడతాను," అని హైందవి ఫోన్ తీసింది.

"వద్దు," అన్నాడు చక్రపాణి.

"నాన్నా!"

"వద్దంటే వద్దు. మా చెల్లెలు ఎలాంటిదో నాకు తెలుసు. నా కొడుకుని చంపి, ఇప్పుడు కూతురికి కూడా రోగం అంటగడుతున్నారంటుంది. ఆ పిల్లని గుమ్మం కదలనివ్వదు. వారం ఆగండి. బుల్లబ్బాయి చేత నేను మెల్లగా చెప్పిస్తాను."

"వారంలో ఏమవుతుందో మీకు తెలుసా?" అంది హైమవతి.

"నువ్వు వెళ్ళి చెబితే ఏమంటుందో తెలుసా నీకు? నీ నోటితో శపించడానికొచ్చావంటుంది."

హైమవతి భయమూ అదే. ఆవిడ దేవత కాదు. తొమ్మిదేళ్ళుగా ఎన్ని మధ్యాహ్నాలు ఒంటరిగా కూర్చుని, ఎప్పుడో ఒకనాడు నిజం తేలుతుంది, అప్పుడు ఉదయ నా కాళ్ళ మీద పడుతుంది అనుకుందో ఆవిడకే తెలుసు. ఇప్పుడు నిజం తేలింది. దాన్ని పట్టుకుని వెళ్ళడానికి మాత్రం గుండె చాలడం లేదు.

సోఫాలోంచి వంశీధర్ అన్నాడు. "అమ్మా... నువ్వు వెళ్ళు. నాకు... లీల ఆంటీ దొరికింది. రవళికి... ఎవరున్నారు?"

అంత పొడుగు మాట వాడు ఈ మధ్య అనలేదు. అనేసి ఆయాసపడ్డాడు. చక్రపాణి మొహం తిప్పుకున్నాడు.

అరుపులు విన్నానంటూ లీలాకుమారి తలుపు దగ్గరికి వచ్చేసరికి హైమవతి బీరువా ముందు నిలబడి ఉంది. నాలుగు రోజులుగా ఆవిడకి పెడదామని తీసిపెట్టిన పట్టుచీర చేతికి తగిలింది. జరిగిందంతా చెప్పి, చీర ఆవిడ చేతుల్లో పెట్టబోయింది.

"గిదేందక్కా?" లీలాకుమారి రెండడుగులు వెనక్కి వేసింది. "నాకు చీరెందుకు? దేవుడు జూపెట్టిండు, నేను జూసిన. అంతే. నువ్వు జర ఆ పిల్ల ముచ్చట చూడు ముందు. లివర్ డాక్టర్‌కు నేను ఫోన్ చేస్త. ఇయ్యాల్నే చూస్తడు, నేను జెప్తే కాదనడు."

"నా మాట వింటుందంటావా ఉదయ?"

"వినకుంటే రేపు మళ్ళ పో. ఎల్లుండి పో. ఫికర్ జెయ్యకు, తిట్లు తింటే ఎవ్వరు సావరు."

హైమవతికి ఏడుస్తూనే నవ్వొచ్చింది. ఇంతమంది మంచివాళ్ళని తన చుట్టూ పెట్టిన దేవుడు ఊరికే పెట్టి ఉండడనిపించింది. ముఖం కడుక్కుని బయల్దేరింది. హైందవి తిన్నగా ఆసుపత్రికే వెళ్ళి కూర్చుంటానంది. చక్రపాణి వద్దనలేదు. మెట్రో కార్డు తెచ్చి భార్య చేతిలో పెట్టాడు. "అది ఏమన్నా పట్టించుకోకు హైమా," అన్నాడు. అన్నది నిష్ఠూరమో, బతిమాలడమో ఆయనకే తెలియాలి.

తలుపు తీసిన ఉదయలక్ష్మి రెప్ప వెయ్యకుండా చూసింది. జుట్టు సగం నెరిసిపోయింది. తొమ్మిదేళ్ళకి అంత నెరవాలా అనుకుంది హైమవతి.

"అన్నయ్య బాగానే ఉన్నాడా?" ఉదయలక్ష్మి గొంతులో భయం వినపడింది.

"బాగున్నారు."

ఆ భయం పోగానే మొహం గట్టిపడింది. లోపలికి రమ్మనలేదు. తలుపు మూయనూ లేదు.

"వంశీకి ఒంట్లో బాగాలేదు ఉదయా."

"విన్నాను. తాగుడు మరిగాడటగా."

హైమవతి ఆ మాటని మింగింది. తిట్లు తింటే ఎవరూ చావరు. గుమ్మంలోనే నిలబడి, కూతురు చెప్పినట్టు అంత చక్కగా చెప్పడం చేతకాక, ముందుది వెనక, వెనకది ముందు చేసి చెప్పింది. రాగి అంది. జీన్ అంది. పెళ్ళి భోజనాల మామయ్య అంది. ఎలుకలకి కామెర్లు అంది. అక్కడికొచ్చేసరికి ఉదయలక్ష్మి చెయ్యి తలుపు గడియని పట్టుకుంది.

"ఎలుకలకి కామెర్లు వస్తే నాకెందుకు చెబుతున్నావు?"

"సుధాంశుకి కూడా అదే అయ్యుంటుందని..."

"ఓహో." ఉదయలక్ష్మి నవ్వింది. ఆ నవ్వు చూడలేక హైమవతి తల దించుకుంది. "ఇన్నాళ్ళకి దొరికిందన్నమాట సాక్ష్యం. నా కొడుకుని నువ్వు చంపలేదు, నేనే నా రక్తంలో విషం పెట్టి కన్నాను. అది చెప్పి పోదామని వచ్చావు."

ఇన్నేళ్ళూ హైమవతి కలలో అనుకున్న మాట అదే. ఆ మాట ఉదయలక్ష్మి నోట వింటే కడుపు చల్లబడుతుందనుకుంది. తీరా వింటే చల్లబడలేదు.

"నీ రక్తం ఒక్కటే అయితే ఏమయ్యేది కాదు ఉదయా. మా తమ్ముడిది కూడా. నాది కూడా. మీ అన్నయ్యది కూడా. నా పుట్టిల్లు నీ అత్తిల్లు. నీ పుట్టిల్లు నా అత్తిల్లు. ఎవర్ని తిట్టుకుందాం చెప్పు? ఎటు తిట్టినా ఆ తిట్టు తిరిగి మనింటికే వస్తుంది."

ఉదయలక్ష్మి తలుపు గడియ వదిలేసింది.

"సాక్ష్యం కోసమైతే రేపు వచ్చేదాన్ని, వచ్చే నెల వచ్చేదాన్ని. రవళి కోసం ఇప్పుడొచ్చాను. దానికి కామెర్లు తగ్గాయా?"

"తగ్గాయి. పసరు పోయించాను."

"మళ్ళీ రాలేదుగా?"

ఉదయలక్ష్మి లోపలి గది వైపు చూసింది. లోపల ఎక్కడో ఫ్యాను కిర్రుకిర్రుమంటోంది.

"ఉదయా! అడుగుతున్నాను."

"పోయిన వారం నుంచి అన్నం సయించడం లేదు," అంది ఉదయలక్ష్మి, ఎటో చూస్తూ. "కాళ్ళు నీరు పట్టాయి. ఎండలకేమో అనుకున్నాను. నాకు... నాకు ఆసుపత్రంటే..."

ఆ మాట పూర్తి కాలేదు. హైమవతి గడప దాటి లోపలికి వెళ్ళింది. ఎవరూ రమ్మనకపోయినా, అది తన పుట్టింటి గడపే కదా.

"మందుంది ఉదయా. వంశీ మింగుతున్నాడు. జీవితమంతా మింగాలి, కానీ ఉంది. లీలాకుమారి అని మా ఎదురింటావిడ, డాక్టరు దగ్గర ఈ రోజే చూపించడానికి ఏర్పాటు చేసింది. హైందవి అక్కడే కూర్చుని ఉంది."

ఉదయలక్ష్మి కుర్చీలో కూలబడింది.

"అప్పుడు లేదా ఆ మందు?"

"ఏంటి?"

"మా బాబు పోయినప్పుడు. ఆ మందు అప్పటికింకా కనిపెట్టలేదా?"

లేదని చెబితే పోయేది. ఆ ఒక్క అబద్ధంతో ఆ తల్లి ఈ రాత్రికి కాస్త నిద్రపోయేది. హైమవతి నాలుక చివరిదాకా వచ్చింది. కానీ ఇన్నేళ్ళూ తమ మధ్య ఉన్నది తప్పుమాటే. దాని మీద ఇంకోటి పేర్చడానికి మనసొప్పలేదు.

"ఉంది ఉదయా. చాలా ఏళ్ళ ముందు నుంచే ఉందట. మనకి తెలియలేదు. ఆ నాలుగు రోజుల్లో డాక్టర్లకే అందలేదు, మనకేం అందుతుంది?"

ఉదయలక్ష్మి ఏడ్చింది. ఆసుపత్రి వరండాలో ఆ రోజు ఏడ్చిన ఏడుపు కాదిది. అందులో కోపం ఉంది, ఎదుటి మనిషి ఉంది. ఇందులో ఎవరూ లేరు, కొడుకొక్కడే ఉన్నాడు. హైమవతి పక్కన కూర్చుని తల ఒళ్ళోకి తీసుకుంది. ఉదయలక్ష్మి తోసెయ్యలేదు. తోసెయ్యనందుకే హైమవతికి ప్రాణం లేచొచ్చింది. ఇంత దుఃఖంలో ఇంత తృప్తి ఏమిటని సిగ్గు కూడా వేసింది. ఆ పిల్లాడి కోసం ఇద్దరూ కలిసి ఏడవడం ఇదే మొదలు.

గది గుమ్మంలో రవళి నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో, ఎంత విన్నదో తెలియదు. గౌను కింద పాదాలు ఉబ్బి ఉన్నాయి. చిక్కిపోయిన ఆ మొహం చూడగానే హైమవతి లేవబోయింది.

"తయారవు తల్లీ," అంది ఉదయలక్ష్మి కళ్ళు తుడుచుకుంటూ. "ఆసుపత్రికి వెళ్ళాలి."

రవళి ఒక్క ప్రశ్న వెయ్యలేదు. లోపలికి వెళ్ళి బట్టలు మార్చుకుంది.

"నువ్వు కూడా చీర మార్చుకో ఉదయా," అంది హైమవతి.

"నేను రాను."

"అదేంటి?"

"నేను రాలేను వదినా."

వదినా అంది! హైమవతి ఆమె చెయ్యి పట్టుకుంది. కానీ ఉదయలక్ష్మి కళ్ళు చూశాక ఆ మాటకి పొంగిపోవడానికి ధైర్యం చాలలేదు.

"వాణ్ణి తీసుకుని ఆ మెట్లెక్కాను. ఒట్టి చేతులతో దిగాను. మళ్ళీ నా చేత్తో తీసుకెళ్తే అలాగే అవుతుందని భయం నాకు. పిచ్చిదాన్నే అనుకో. నువ్వు తీసుకెళ్ళు." ఉదయలక్ష్మి కూతుర్ని భుజం పట్టుకుని తీసుకొచ్చి హైమవతి ముందు నిలబెట్టింది. "ఆ వేసవిలో ఒక బిడ్డని నీకు అప్పగించాను. ఇప్పుడు ఇంకో బిడ్డని అప్పగిస్తున్నాను. నాకున్నది ఇదొక్కతే."

తొమ్మిదేళ్ళుగా తనని హంతకురాలన్న మనిషి, మిగిలిన ఒక్క ప్రాణాన్నీ తెచ్చి తన చేతిలో పెడుతోంది. ఇంతకంటే పెద్ద మన్నింపు ఈ లోకంలో ఉంటుందా? హైమవతి కళ్ళు నిండిపోయాయి. క్షేమంగా తీసుకొస్తానని చెప్పబోయింది. రవళి వాచిన పాదాలు కనిపించి, ఆ మాట అనలేదు. ఆ పిల్ల లివర్‌లో ఇప్పటికే ఎంత రాగి పేరుకుందో, సుధాంశుకి దాటిపోయిన గడువు దీనికి ఇంకా ఉందో లేదో ఆవిడకి తెలియదు.

ఉదయలక్ష్మి సమాధానం కోసం చూస్తోంది. రవళి వంగి, కష్టంగా చెప్పుల్లో కాళ్ళు దూర్చి, "పదండి అత్తయ్యా," అంది.